సందువైపు తలుపు

పోలింగు రోజున మా అమ్మను చంపేశారు. చంపినవాడు ఆమె మీద చెయ్యి కూడా వేయలేదు. ఎర్ర సిరాతో ఆమె పేరు పక్కన 'మరణించారు' అని రాశాడు, అంతే.

నాకప్పటికి ఓటు రాలేదు. అమ్మకు తోడుగా వెళ్ళి బడి గోడ పక్కన నిలబడ్డాను. అమ్మ ఇస్త్రీ బట్టలు కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని వరసలో నుంచుంది. బల్ల దగ్గర కూర్చున్నాయన స్కేలు పెట్టి కాగితం మీద వెతికాడు.

"ఈమె పోయింది కదమ్మా" అన్నాడు.

"ఆమెను నేనేనండి."

"మీరే ఆమె అయితే మీరు లేరు."

వరసంతా నవ్వింది. వెనక నుంచి ఎవరో, "పోతే పోయావు గానీ కాస్త పక్కకి జరుగు తల్లీ, ఎండ మండిపోతోంది" అన్నారు. మళ్ళీ నవ్వులు. అమ్మ పక్కకి జరిగింది.

ఆ రోజు నుంచి వీధిలో అమ్మ పేరు 'పోయినామె'. అమ్మ దర్జీ పని చేస్తుంది. "ఈ చొక్కా ఎక్కడ కుట్టించావు?" అని ఒకరడిగితే, "పోయినామె దగ్గర" అని ఇంకొకరు చెప్పడం, ఇద్దరూ పడీపడీ నవ్వడం. కొన్నాళ్ళకు అది ఎవరికీ జోకులా కూడా అనిపించలేదు, అలవాటైన పేరైపోయింది. అమ్మ మాత్రం వీధిలోకి వెళ్ళడం మానేసింది. బేరాలు తగ్గాయి. కుట్టుమిషను వంటగదిలోకి చేరింది.

రాసినాయన్ని ఊళ్ళో అందరూ 'పెద్ద సంతకం' అంటారు. పురపాలక ఆఫీసులో ఓటర్ల జాబితా ఆయన చేతి మీదుగానే నడిచేది. ఆయన సంతకం చేస్తే కాగితంలో సగం పోయేది. ఆయన ఇల్లు పెద్ద రోడ్డు మీద, మా ఇల్లు దాని వెనక సందులో. ఒకప్పుడు ఆయన ఇంటి తలుపు కూడా సందులోకే ఉండేది, మా తలుపుకు సరిగ్గా ఎదురుగా. తరవాత ఇల్లు పెంచాడు. రోడ్డు వైపు నున్నటి రాతి మెట్లు, ఇనుప గేటు పెట్టించాడు. ఇంటి నంబరు ఇత్తడి పలక మీద చెక్కించి గేటు పక్కన బిగించాడు. ఆ తరవాత సామాన్ల గది కావాలని సందును కూడా ఇంట్లో కలుపుకుని, మా గుమ్మానికి అడుగు దూరంలో గోడ లేపాడు. మేం తలుపు తీస్తే ఎదురుగా ఇటుకలే. మనిషి అడ్డంగా తిరిగినా బయటికి పోలేడు. చేసేది లేక వంటింటి గోడ పగలగొట్టించి, మురికి కాలవ పక్కనున్న బాట వైపు దారి చేసుకున్నాం.

అమ్మ ఊరుకోలేదు. ఆఫీసు చుట్టూ తిరిగింది. వార్డు మీటింగులో అందరి ముందూ లేచి నిలబడి, "ఈయన సంతకానికి కాగితం చాలదు, ఇంటికి సందు చాలదు" అంది. జనం గొల్లుమన్నారు. పెద్ద సంతకం కూడా నవ్వాడట. నవ్వుతూనే ఇంటికి పోయి ఎర్ర సిరా తీశాడు.

అదీ సంగతి. నేను చదువుకుంది పల్లెలో, మా అమ్మమ్మ దగ్గర; టౌనుకు సెలవుల్లోనే వచ్చేదాన్ని. నాకు మాట తక్కువ. చదువయ్యి టౌనులోనే ఉండిపోయాక టైపు నేర్చుకున్నాను. ఓటర్ల జాబితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తారట, మనుషులు కావాలట అని తెలిసిన రోజు అందరికంటే ముందు వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. ఎందుకు వచ్చావని అడిగితే పని కోసమన్నాను. అది అబద్ధం కాదు.

మాకిచ్చిన గది ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసే కొట్టు. నాలుగు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. గాలి కాగితాల మీదికి పోతుందని ఆ ఫ్యానును కూడా గోడ వైపు తిప్పేవాళ్ళు. నా పక్క కుర్చీలో టైపు అక్క. కోర్టు ఎదుట చెట్టు కింద పాత టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టిన మనిషి ఆమె. కంప్యూటరు కీల మీద కూడా అదే బలంతో కొట్టేది.

"మెల్లిగా కొట్టక్కా, అవతలికి దిగుతాయి" అనేదాన్ని.

"ఈ ఊరి పేర్లు మెల్లిగా కొడితే ఎక్కవే. మొండి రకం."

ఆమె పాత పుస్తకంలోంచి చదివేది, నేను కొట్టేదాన్ని. తరవాత నేను చదివేదాన్ని, ఆమె తెర మీద సరిచూసేది. ఎక్కించే పద్ధతిని మా సూపర్‌వైజరు మొదటి రోజే చెప్పాడు. "పుస్తకాన్ని నమ్మకండి, తలుపును నమ్మండి. ముందు తలుపు, తరవాత మనుషులు." కంప్యూటర్లో ముందు ఇంటి తలుపు ఏ వీధిలోకి తెరుచుకుంటుందో కొట్టాలి. వీధిని బట్టి బూత్ నంబరు దానంతటదే వస్తుంది. అప్పుడే పేర్ల గడి తెరుచుకుంటుంది. మా సందు, దాని వెనక వీధులు పదకొండో బూత్. పెద్ద రోడ్డు మీద తలుపులన్నీ పన్నెండు.

పదకొండో బూత్ పుస్తకం మా బల్ల మీదికి వచ్చింది. పేజీ తిప్పగానే ఎర్ర సిరా కనబడింది. అమ్మ పేరు, పక్కన ఆ మాట. అక్షరాలు గుండ్రంగా, అందంగా ఉన్నాయి. తొందరపడి రాసిన రాత కాదు.

టైపు అక్క చదవడం ఆపి నా ముఖం చూసింది. "మీ అమ్మేనా?"

తల ఊపాను.

"దొంగ సచ్చినోడు" అంది, గొంతు తగ్గించకుండానే.

కింద కొన్ని పేర్ల తరవాత ఆయన పేరు ఉంది. ఇల్లు పెద్ద రోడ్డు మీదికి తిరిగినా పుస్తకంలో సందులోనే ఉంచుకున్నాడు. కారణం ఊరంతటికీ తెలుసు. ఈసారి పురపాలక ఎన్నికల్లో ఒక్కో బూత్‌కి ఒక్కో సభ్యుడు. రిటైరయ్యాక పెద్ద సంతకానికి సభ్యుడు కావాలన్న కోరిక పుట్టింది. పన్నెండులో మిల్లు యజమాని నిలబడుతున్నాడు, ఆయన ముందు ఎవరూ ఆగరు. పదకొండులో మాత్రం ఈయనకు ఎదురు లేదు. అయితే ఏ బూత్‌లో నిలబడాలన్నా ఆ బూత్ జాబితాలో పేరుండాలి.

టైపు అక్క టీ తాగడానికి బయటికి వెళ్ళింది. నేను పోయినవాళ్ళను తీసేసే తెర తెరిచి, ఆయన పేరు కొట్టి, పక్క గడిలో 'మరణించారు' అని కొట్టాను. కొట్టి చూస్తూ కూర్చున్నాను. ఆ మాట ఆయన పేరు పక్కన ఎంత బాగా అమరిందో చెప్పలేను. కళ్ళు చల్లబడ్డాయి.

తరవాత చెరిపేశాను. మంచితనం వల్ల కాదు. ఎవరు కొట్టారో కంప్యూటరుకు తెలిసిపోతుంది, అదొకటి. రెండోది, చచ్చినవాడి మీద జనానికి జాలి పుడుతుంది. నాకాయన బతికి ఉండాలి. బతికి, తెల్ల బట్టలు వేసుకుని, వెనక పదిమందిని వేసుకుని వచ్చి, అందరి ముందూ పక్కకి జరగాలి.

తలుపులు సరిచూడటానికి మమ్మల్ని వీధుల్లోకి పంపారు. మా వీధులు నేనే అడిగి తీసుకున్నాను. మా వంటింటి దారి బాట మీదికి తెరుచుకుంటుంది, బాట పదకొండు. సుద్దముక్కతో గోడ మీద నంబరు వేశాను. జాబితాలో మళ్ళీ చేర్చమనే కాగితం మీద అమ్మ చేత సంతకం పెట్టించడమే కష్టమైంది.

"చంపినవాళ్ళనే వచ్చి బతికించమను" అంది, సూదిలో దారం ఎక్కిస్తూ.

"వాళ్ళు రారమ్మా. నేను వచ్చాను, చాలదా?"

సూది పక్కన పెట్టి సంతకం పెట్టింది. చిన్న సంతకం.

పెద్ద రోడ్డు మీద ఆయన గేటు ముందు నిలబడ్డాను. ఇత్తడి పలక ఎండకు మెరుస్తోంది. నంబరు రాసుకున్నాను. ఇంటి చుట్టూ తిరిగి చూశాను. సందు వైపు గోడ తప్ప ఇంకేం లేదు, కిటికీ కూడా లేదు. మెట్ల మీద కుర్చీ వేసుకుని ఆయనే కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. పనివాళ్ళ ముఖాలు చూసే అలవాటు ఆయనకు లేదు.

"కంప్యూటరు అమ్మాయివా? మా ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ ఎక్కిస్తున్నావా?"

"ఎక్కిస్తున్నానండి, తలుపుల ప్రకారం."

"తలుపులూ కిటికీలూ ఏంటమ్మా, నేను పుట్టిందే ఆ జాబితాలో. కళ్ళు మూసుకుని వరస చెప్తాను. వినిపించుకుంటావా?"

"మాకు చూసి రాయమన్నారండి."

"చూడు చూడు, బాగా చూడు" అని నవ్వాడు.

బాగా చూశాను. ఆఫీసుకు వచ్చి తలుపు గడిలో పెద్ద రోడ్డు అని కొట్టాను. పన్నెండు అని వచ్చింది. ఆయన పేరు, భార్య పేరు, కొడుకు పేరు, కోడలి పేరు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాను. టైపు అక్క సరిచూసి, తెర మీద పన్నెండును చూసి, నన్ను చూసి, కీలను ఎప్పటికంటే గట్టిగా కొట్టింది.

ముసాయిదా జాబితాలు ఆఫీసు వరండాలో అంటించారు. తప్పులుంటే గడువులోగా చెప్పుకోవాలి. ఆ తరవాత జాబితా మూసేస్తారు, ఎవరూ చెయ్యి పెట్టలేరు. ఆ రోజుల్లో నాకు తిండి సయించలేదు. ఆయన ఒక్కసారి పదకొండో కాగితం ముందు నిలబడితే చాలు, నా పనంతా నీళ్ళపాలవుతుంది. రోజూ ఆఫీసుకు వచ్చేవాడు. వరండాలో ఆ కాగితాలకు వీపు ఆనించి నిలబడి కబుర్లు చెప్పేవాడు. ఒకరోజు ఎవరో, "మీ పేరు చూసుకున్నారా?" అంటే, "వంట చేసినవాణ్ణి పట్టుకుని తిన్నావా అని అడుగుతారేంటయ్యా" అన్నాడు. నేను తెర మీదికి వంగిపోయాను.

గడువు చివర్లో ఆయన భార్య వచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకుని, వేలితో ఒక్కో వరసా చూసుకుంటూ పదకొండో కాగితం మొత్తం చదివింది. గది గుమ్మంలోకి వచ్చి, "అమ్మాయ్, మా పేర్లు లేవే?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె ఓటు పోగొట్టడం నా ఉద్దేశం కాదు. "పన్నెండులో ఉన్నాయండి" అన్నాను.

వెళ్ళి చూసుకుని వచ్చింది. ముఖం వికసించింది. "హమ్మయ్య, ఈసారి లైబ్రరీలో వెయ్యొచ్చన్నమాట. అక్కడ కూర్చోడానికి బల్లలుంటాయి. ఆ బడి దగ్గర ఎండలో నిలబడలేక చచ్చేదాన్ని."

"అవునండి, నీడగా ఉంటుంది."

టైపు అక్క ఉండబట్టలేక, "ఇంట్లో సార్‌కి కూడా చెప్తారా అమ్మగారూ?" అంది. అక్క కాలి మీద తన్నాలనిపించింది.

"ఆయనకా? జాబితా గురించి నేను నోరు తెరిస్తే ఊరుకుంటారా తల్లీ! ఒకసారి ఏదో తప్పుందంటే, 'వంటింటి లెక్కలు చూసుకో' అన్నారు. చూసుకుంటున్నాను" అని గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు గడువు అయిపోయింది. సూపర్‌వైజరు జాబితా మూసేశాడు. నేను తెర మీద ఆ పేరు కొట్టి, మార్చడానికి వీలుందేమో నొక్కి చూశాను. వీల్లేదు. ఆ రోజు కడుపునిండా తిన్నాను.

నామినేషన్ల రోజున పెద్ద సంతకం తెల్ల బట్టల్లోనే వచ్చాడు. వెనక పదిమంది కాదు, ఇంకా ఎక్కువమందే ఉన్నారు. డప్పుల చప్పుడు గేటు దగ్గర ఆగింది. అధికారి గదిలోకి వెళ్ళాడు. మా గది కిటికీలోంచి ఆ గది తలుపు కనిపిస్తుంది. లోపల ముందు నవ్వులు వినిపించాయి. తరవాత ఆయన అరుపు.

"పదకొండులో లేకపోవడమేంటి? పదకొండు రాసిందే నేను!"

వెనకున్నవాళ్ళు మెడలు సాచారు. ఆయన కాగితాలు పట్టుకుని నేరుగా మా గదిలోకి వచ్చి, నా బల్ల మీద అరచేత్తో కొట్టాడు.

"నా పేరేది?"

తెర ఆయన వైపు తిప్పాను. "ఇదిగోండి. పన్నెండులో."

"నేను ఉండేది సందులో!"

"సందులో మీకు తలుపు లేదండి."

"ఉండేది!"

"ఉండేదండి. గోడ కట్టారు కదా."

అప్పుడు మొదటిసారి నా ముఖం చూశాడు. బట్ట మీద మరక చూసినట్టు చూశాడు. "నువ్వెవరి అమ్మాయివి?"

"పోయినామె కూతుర్నండి."

గుమ్మంలో నిలబడ్డవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు ఒకరి నుంచి ఇంకొకరికి పాకింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా తేరుకున్నాడు. తన కాలంలో జాబితా అంటే పుస్తకం. పోలింగు రోజు పొద్దున కూడా మార్జిన్లో పేరు ఇరికించేవాడు. కంప్యూటరుకు మార్జిన్ ఉండదన్న సంగతి ఆయన బుర్రకు తట్టలేదు. వంగి, గొంతు తగ్గించి, "తలుపు ఉంటే ఎక్కిస్తావా?" అని అడిగాడు.

"తలుపు ఉంటే ఎక్కిస్తానండి. కానీ తలుపు తెరిస్తే కాలు పెట్టడానికి సందు ఉండాలి. మధ్యలో గోడ ఉండకూడదు."

"సాయంత్రానికి చూపిస్తాను" అని వెళ్ళిపోయాడు. టైపు అక్క నోరు తెరవబోయింది. నేను ఆమె చేతి మీద చెయ్యి వేశాను. ఆమె నోరు మూసుకుని, పమిటకొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ రోజు పని పెందలాడే ముగించుకుని నేను ఇంటికి వచ్చేసరికి గునపం దెబ్బలు వినిపిస్తున్నాయి. అమ్మ మిషను ఆపేసి, వాడకం లేని వీధి తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

"ఎవరే అది?"

"పెద్ద సంతకం. తలుపు వెతుక్కుంటున్నాడు."

అమ్మకేమీ అర్థం కాలేదు. ఇద్దరు మేస్త్రీలు గోడ పైనుంచి కొట్టుకుంటూ వస్తున్నారు. ఇటుక పడిన ప్రతిసారీ మా తలుపు అదిరింది. ఆయన కేకలు వినబడుతున్నాయి: "త్వరగా కానివ్వండయ్యా, అక్కడ ఆఫీసు మూసేస్తారు!" సామాన్ల గదిలోని పెట్టెలు, మంచాలు, పాత సైకిలు ఈడ్చి పడేస్తున్నారు. నేను చెప్పొచ్చు. ఒక్క మాట చాలు, గోడ అక్కడే ఆగిపోయేది. గ్లాసుతో నీళ్ళు తెచ్చుకుని, తలుపు పక్కన కూర్చుని, గోడ చివరి వరస దాకా విన్నాను.

చప్పుళ్ళు ఆగాక తలుపు గడియ తీశాను. చెక్క ఉబ్బిపోయి ఉంది. నేను రెండు చేతులతో లాగాను. అమ్మ లేచి వచ్చి తనూ లాగింది. తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది. సందు! వెలుగు లోపలికి వచ్చి నేల మీద పడింది. ఎదురుగా పగిలిన ఇటుకల మధ్య, తన పాత తలుపు ముందు, తెల్ల బట్టల నిండా ఎర్ర దుమ్ముతో పెద్ద సంతకం నిలబడి ఉన్నాడు. సందు మొదట్లో వీధిలోవాళ్ళంతా గుమిగూడారు.

"చూశావా? తలుపూ ఉంది, సందూ ఉంది. పద, ఎక్కించు" అన్నాడు ఆయాసపడుతూ.

"తప్పకుండా ఎక్కిస్తానండి. వచ్చే ఏడాది జాబితా తెరిచినప్పుడు."

"వచ్చే ఏడాదా?"

"ఈ జాబితా మూసేశారండి. గడువు ఎప్పుడో అయిపోయింది."

ఆయన గోడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "మరి ముందే చెప్పి చావొచ్చు కదా!"

"మీరు తలుపు సంగతే అడిగారండి."

అప్పుడు అమ్మ గుమ్మం దాటి సందులోకి అడుగుపెట్టింది. అన్నాళ్ళ తరవాత అమ్మ గొంతు వీధిలో వినబడింది.

"ఏం బాబూ, జాబితాలో లేవా? ఒకసారి సరిగ్గా చూసుకో నాయనా, పోయావేమో."

వీధి గొల్లుమంది. వెనక నుంచి ఎవరో, "కాస్త పక్కకి జరగండి సార్, దారికి అడ్డంగా ఉన్నారు" అన్నారు. ఆయన పక్కకి జరిగాడు. ఆ జరగడం కోసమే నేను ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. అది కళ్ళారా చూశాను. చాలు అనిపించాలి, కానీ అనిపించలేదు. ఇంకాస్త జరిగితే బాగుండుననిపించింది.

అమ్మ లోపలికి వెళ్ళి చీపురు తెచ్చింది. మా గుమ్మం ముందు పడిన ఇటుక దుమ్మునంతా ఓపిగ్గా ఊడ్చి, ఆయన కాళ్ళ వైపు నెట్టింది. తరవాత నన్ను పిలిచింది.

"అలా నిలబడి చూస్తావేంటే? మిషను ఆ పక్క పట్టుకో. ముందుగదిలోకి మార్చాలి."